బొమ్మను గాదు, నడకను చూడుడు

కథయు రూపమును లేని యానిమేషనును గ్రహించు విధానము

యౌవనమున నొకనాడు తెనాలిలో మిత్రులతో గూడి నేనొక చిన్న చలనచిత్రమును చూచితిని. తెరపై ఒక నిలువుగీత కనబడెను. అది రెండయ్యెను, రెండు నాలుగయ్యెను. ఆ గీతలు కుడికిని ఎడమకును జరుగుచు, ఒకదాని నొకటి దాటుచు, గుమిగూడుచు, విడిపోవుచు నుండెను. రాజు లేడు, రాక్షసుడు లేడు, తోక యాడించు పిల్లి యేని లేదు. అయిదారు నిమిషములు గడచి దీపములు వెలిగిన పిమ్మట, ఆ గీతలు గీచినవాడెవడో మాకొక పరీక్ష పెట్టెననియు, అందు నేను తప్పితిననియు నాకు తోచెను. తప్పిన విద్యార్థి సహజముగా చేయు పనినే నేనును చేసితిని, అనగా ప్రశ్నపత్రమును నిందించితిని.

కొన్ని మాసములకు రేపల్లె పాసింజరులో కిటికీ ప్రక్కన కూర్చుండితిని. వేమూరు దాటినది. ఇనుపదారి చెంతనున్న స్తంభములు ఒక్కొక్కటియే చటుక్కున వచ్చి చటుక్కున పోవుచుండెను. వాని వెనుక గట్లపైనున్న తాడిచెట్లు తీరికగా జరుగుచుండెను. వానికిని వెనుక, దిగంతమున నున్న చెట్లు మాత్రము బండితో పాటు ప్రయాణము చేయుచున్నట్లుండెను. సన్ననివియు లావైనవియు, వడి గలవియు మందమైనవియు నగు నిలువుగీతలు ఒకదాని నొకటి దాటుచున్నవి. నేను తెరపై చూచి విసుగుకొన్నది దీనినే. ఎదుటి బల్లపై కూర్చున్న పెద్దమ్మ నా వాలకమును గమనించి పలుకరించెను.

"ఏంటి నాయనా, అట్టా కళ్ళప్పగించి చూస్తన్నావు? ఏవన్నా పడిపోయిందా?"

"లేదు పెద్దమ్మా. చెట్లు పరిగెడతంటే చూస్తన్నా."

"అన్నీ యాడ పరిగెడతన్నయ్యి? దగ్గరియ్యి ఉరుకుతన్నయ్యి, దూరానియ్యి మనెంట నడుస్తన్నయ్యి," అని ఆమె తిరిగి తమలపాకులకు సున్నము రాచుకొనుటలో మునిగెను.

ఆమె చెట్ల పేరు చెప్పలేదు, వాని కథ చెప్పలేదు. ఏది, దేనితో పోల్చి చూడగా, ఎంత వడితో కదలుచున్నదో చెప్పినది. తెనాలిలో నాకు చేతగాని విమర్శ అదియే.

నేను నిందించిన ఆ చిత్రము పేరు 'లైన్స్ వర్టికల్' అనియు, కెనడా జాతీయ చలనచిత్ర మండలి యందు నార్మన్ మెక్‌లారెన్, ఎవెలిన్ లాంబార్ట్ అను నిరువురు 1960లో దానిని నిర్మించిరనియు, గీతలను ఫిల్ము మీదనే సూటిగా చెక్కిరనియు తరువాత తెలిసికొంటిని. అంతకంటె ఆశ్చర్యము గొలిపిన సంగతి మరియొకటి కలదు. ఆ చిత్రమునే యంత్రసహాయమున 90 డిగ్రీలు త్రిప్పి, వేరు సంగీతము జతచేసి, 1962లో వారు 'లైన్స్ హారిజాంటల్' అను మరియొక చిత్రమును వెలువరించిరి. గీతలవే, వాని సంఖ్యయు నదియే, వడియు నదియే. కాని నిలువుగీతలలో స్తంభములను, చెట్లను, ప్రక్కకు సాగు ప్రయాణమును చూచిన కన్ను, అడ్డగీతలలో నీటిని, దిగంతమును, ఎక్కుటను, దిగుటను చూచును. ఈ మాట నమ్మని వారు ఒకనాడు రేపల్లె బండి కిటికీలో నుండియు, మరునాడు బాపట్ల చెంత సూర్యలంక ఇసుకపై నిలిచి సముద్రము వైపునకును చూచినచో తమంతట తామే నమ్మగలరు. "ఏమిటిది?" అని ప్రశ్నించినచో ఈ రెండు చిత్రములకును "గీతలు" అను నొక్కటే ప్రత్యుత్తరము; "ఎట్లు నడచుచున్నది?" అని ప్రశ్నించినచో రెండు ప్రత్యుత్తరములు. ఈ అధ్యాయమునకు సారమంతయు ఈ ప్రశ్న మార్చుకొనుటయే.

కథకు అలవాటుపడిన కన్ను

మనకు ఈ ప్రశ్న సులభముగా తట్టకపోవుటకు మన అజ్ఞానము కారణము గాదు, మన సంపదయే కారణము. తెనాలి ప్రాంతము కథలకు పుట్టినిల్లు. 1947లో 'చందమామ'ను నాగిరెడ్డితో గలిసి స్థాపించిన చక్రపాణి తెనాలివాడు. ఆ పత్రికను పెక్కేండ్లు తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు తెనాలివాడు. ఆ నాగిరెడ్డి చక్రపాణులే విజయా సంస్థ పక్షమున 1957లో 'మాయాబజార్'ను ప్రేక్షకుల కందించిరి. ఇట్టి యూరిలో పెరిగిన కన్ను తెరపై వెలుగు పడినంతనే "తరువాత నేమైనది?" అని యడుగుటకు అలవాటుపడి యుండును. అది దోషము కాదు. కాని కొడవలి పట్టినవాడు పూలు కోయుటకు పోయినట్లు, పనిముట్టు పనికి తగినది గాకపోవచ్చును.

నిజమునకు తగిన పనిముట్టు మన యింటనే కలదు. విద్వాంసుడు గంటసేపు రాగాలాపన చేయునపుడు "ఈ 'తదరిన'కు అర్థమేమి?" అని యడిగినవాని నెవరును మెచ్చరు. ధనుర్మాసమున వాకిట ముగ్గు వేయు గృహిణి "పదునైదు చుక్కలు, మధ్యచుక్క, ఎనిమిది వరకు" అని గొణుగుకొనుచు చుక్కలు పెట్టి, వాని చుట్టును మెలికలు త్రిప్పుచున్నపుడు, ఆ మెలిక ఏ జంతువునకు బొమ్మయని దారిని పోవువా రడుగరు; గీత ఎచట బయలుదేరినదో, చుక్కను తాకకుండ ఎట్లు మలుపు తిరిగినదో, మొదలుపెట్టిన చోటికి తిరిగి వచ్చినదో లేదో చూచెదరు. మెక్‌లారెన్ 1940లో నిర్మించిన రెండు చిన్న చిత్రములకు పేర్లు 'డాట్స్', 'లూప్స్'. మన యాడువారి మాటలలో చెప్పవలెనన్న చుక్కలు, మెలికలు. వేసి ముగించిన ముగ్గు చిత్రలేఖనము. వేయుచుండగా చూచిన ముగ్గు యానిమేషను.

'మాయాబజార్'లో సైతము ఘటోత్కచుని విందు వేళ లడ్డూలు తమంతట తాము లేచి నోటికి పోవుచున్నపుడు, మన మొక్క క్షణము కథను మరచి ఆ కదలికనే చూచి నవ్వుదుము. తోలుబొమ్మలాటలో యుద్ధఘట్టము వచ్చినపుడు, తెర కంటుకొని స్పష్టముగా నున్న బొమ్మను ఆటగాడు వెనుకకు లాగి గిరగిర త్రిప్పగా, వీరుని ముఖము మాయమై ఎరుపును పసుపును కలగలిసిన యొక సుడి మాత్రము మిగులును. ఆ సుడినే నిమిషముల తరబడి సాగదీసి, అదియే చిత్రమని చెప్పిన ధైర్యశాలులు పాశ్చాత్యదేశములలో 1920 ప్రాంతమున పుట్టిరి. జర్మనీలో వాల్టర్ రుట్‌మన్ 1921లో వెలుగు రూపములను కదలించెను. వైకింగ్ ఎగెలింగ్ 1924లో ఏటవాలు గీతలతోనే యొక 'సింఫనీ'ని సిద్ధపరచెను.

తెనాలికి కొలదిదూరముననున్న తుమ్మపూడి గ్రామమున 1914లో జన్మించి, అచటనే నివసించుచు, రేఖనుగూర్చియు వర్ణమునుగూర్చియు తెలుగున వ్యాసములు వ్రాసిన చిత్రకారుడు సంజీవదేవ్‌ను ఇచట స్మరింపక పోరాదు. మెక్‌లారెన్ జన్మించినదియు ఆ 1914లోనే. ఒకడు స్కాట్లండులోను, ఒకడు కృష్ణాడెల్టాలోను కన్నులు తెరచిరి. గీతను గీతగా ప్రేమించుటకు మహానగరమున పుట్టవలసిన పని లేదని తుమ్మపూడి మనకు నేర్పుచున్నది.

నాలుగు ప్రశ్నలు

ఇక విధానమునకు వత్తము. ఏ ప్రయోగాత్మక చిత్రమునైనను ఎదుర్కొనునపుడు ఈ నాలుగు ప్రశ్నలను ఈ వరుసలోనే వేసికొనుడు.

మొదటిది: ఇది దేనితో చేయబడినది? కథాచిత్రమున రంగు, కాగితము, గాజు కథ వెనుక దాగియుండును. ఇచట అవియే ముందునకు వచ్చును. లెన్ లై అను కళాకారుడు 1935లో 'ఎ కలర్ బాక్స్' కొరకు కెమెరాను ముట్టక ఫిల్ముపైననే రంగులు పూసెను. అది బ్రిటిషు తపాలా శాఖవారి ప్రకటనచిత్రమన్న సంగతి తెలిసినచో, ప్రయోగమన్నది మేధావుల గదులకే పరిమితమన్న భ్రమ తొలగిపోవును. ఆస్కర్ ఫిషింగర్ 1947లో 'మోషన్ పెయింటింగ్ నంబర్ 1' నిర్మించునపుడు, పారదర్శకమగు పలకపై తైలవర్ణముతో ఒక్కొక్క స్పర్శ చేయుచు, ప్రతి స్పర్శకును ఒక ఫ్రేము తీసెను. ఈశూ పటేల్ అను గుజరాతు కళాకారుడు 1977లో 'బీడ్ గేమ్' అను చిత్రమును పూసలతో నిర్మించెను. మన ఫిలిమ్స్ డివిజనున ప్రమోద్ పతి 1972లో 'ఆబిద్' కొరకు బ్రదికియున్న మనుష్యునే బొమ్మవలె ఫ్రేము ఫ్రేమునకు జరిపెను. ద్రవ్యము తెలిసినచో చేయి కనబడును. చేయి కనబడినచో, ఆ చేయి ప్రతి క్షణమునను చేసికొన్న నిర్ణయములు కనబడును.

రెండవది: నడక ఏది? మృదంగ విద్వాంసులు చతురశ్రము, తిశ్రము, ఖండము అని నడకలను వేరుచేయుదురు. చలనచిత్రము సెకండునకు 24 ఫ్రేములతో నడచును. ఈ 24 అను సంఖ్య నాలుగింటను మూడింటను నిశ్శేషముగా భాగింపబడును, అయిదింటను ఏడింటను భాగింపబడదు. కావున ఆరు ఫ్రేముల కొకమారు మార్పు వచ్చినచో సెకండునకు నాలుగు దెబ్బలు, ఎనిమిదింటి కొకమారు వచ్చినచో మూడు. తెర ముందు కూర్చుండి తొడపై తాళము వేయుడు. దెబ్బ తప్పిన చోటు తెలియును. ఆ తప్పుట పొరపాటో, కావలెనని చేసినదో తరువాతి రెండు ఆవర్తములు చెప్పును.

మూడవది: ఏది ఏదిగా మారుచున్నది? తెనాలి రేపల్లె దారిలోనే భట్టిప్రోలు కలదు. అచటి స్తూపమున 1892లో అలెగ్జాండర్ రీ వెలికితీసిన ధాతుపేటికలపై బ్రాహ్మీ లిపిశాసనములు కలవు. బ్రాహ్మిలో 'క' అను నక్షరము నిలువుగీతను అడ్డగీత ఖండించిన యొక శిలువ మాత్రమే. ఆ శిలువ క్రమముగా వంగి, గుండ్రనై, తలకట్టు ధరించి నేటి 'క' యైనది. ఆ రూపముల నన్నింటిని 48 కాగితములపై వరుసగా వ్రాసి తెరపై నడపినచో రెండువేల యేండ్ల ప్రయాణము రెండు సెకండ్లలో ముగియును. ఇట్టి రూపపరిణామము యానిమేషనునకు ప్రాణము. 'బీడ్ గేమ్'లో పూసలు ఏకకణజీవిగా మొదలై, జంతువులై, మనుష్యులై, ఆయుధములై ఒకదాని నొకటి మ్రింగుకొనును. అచట కథ యేమనగా ఆ మార్పుల వరుసయే.

నాలుగవది: ధ్వనికిని చిత్రమునకును గల బాంధవ్యమెట్టిది? పాటకు బొమ్మ తాళము వేయుచున్నదా, బొమ్మకు పాట వంతపాడుచున్నదా, రెండును వాదులాడుచున్నవా? మెక్‌లారెన్ 'డాట్స్'లో ధ్వనిని సైతము వాద్యముతో గాక, ఫిల్ము అంచుననున్న శబ్దపథముపై గీతలు గీచియే పుట్టించెను. అట్లుగాక, చిత్రకారుడు అక్బర్ పదమ్‌సీ 1970 ప్రాంతమున బొంబాయిలో నిర్మించిన 'సిజిజీ' గీతలతో నిండిన నిశ్శబ్దచిత్రము. అచట తాళము వేయవలసిన భారమంతయు ప్రేక్షకునిదే.

పాల్ వెల్స్ అను ఆంగ్ల విమర్శకుడు 1998 నాటి తన 'అండర్‌స్టాండింగ్ యానిమేషన్' గ్రంథమున సంప్రదాయ చిత్రమును ఒక కొసను, ప్రయోగచిత్రమును మరియొక కొసను నిలిపి, నడుమ మధ్యరకము నుంచెను. ఒక కొసను గుర్తింపదగిన ఆకృతులు, కథ, సంభాషణ, మరుగుననుండు కర్త. రెండవ కొసను నిరాకారత, అవిచ్ఛిన్నత లేకుండుట, ద్రవ్యప్రాధాన్యము, సంగీతధర్మము, ప్రత్యక్షమగు కర్త. ఇవి రెండు గదులని భ్రమింపకుడు; కావడిబద్దకు రెండు కొసలని తలచుడు. 'బీడ్ గేమ్' వంటివి బద్ద నడుమ నుండును. మీరు చూచుచున్న చిత్రము ఏ వైపునకు మొగ్గుచున్నదో చెప్పగలిగినచో సగము విమర్శ ముగిసినట్లే.

ఒక చిత్రము, మూడు పర్యాయములు

మెక్‌లారెన్, లాంబార్టులు 1949లో నిర్మించిన 'బిగాన్ డల్ కేర్' అను చిత్రమును సాధనకు తీసికొనుడు. కెనడా చలనచిత్ర మండలివారు తమ చిత్రములలో పెక్కింటిని ఉచితముగా చూచుట కందుబాటులో నుంచియున్నారు గనుక, చేతిలోని ఫోనున్న చాలును. నిడివి ఎనిమిది నిమిషములకు లోపుగ నుండును. సంగీతము ఆస్కర్ పీటర్సన్ అను జాజ్ పియానో విద్వాంసునిది.

మొదటి పర్యాయము ఏమియు వ్రాయక, ఎవరితోను మాటలాడక చూడుడు. రెండవ పర్యాయము ధ్వని నాపి చూడుడు. ఇపుడు ద్రవ్యము బయటపడును: రంగులు పూసిన జాడలు, గోకిన గీరలు, తడిరంగుపై వలగుడ్డ అద్దినట్లుండు అల్లికలు. 35 మిల్లీమీటర్ల ఫిల్ము అడుగునకు 16 ఫ్రేములు, అనగా సెకండునకు అడుగున్నర. నిర్మాతలు పెక్కుచోట్ల ఫ్రేముల హద్దులను లెక్కింపక, కాలువగట్టు పొడవున నీరు పారినట్లు రంగును ఫిల్ము నిడివిని పారించిరి. అందుచేతనే ఆ రంగు తెరపై వణకును, పొంగును. మూడవ పర్యాయము కన్నులు మూసికొని సంగీతము మాత్రము వినుడు. వడిగల భాగము, విలంబమగు భాగము, మరల మిక్కిలి వడిగల భాగము అని మూడు ఖండములు తెలియును. నడిమి ఖండమునందు రంగులన్నియు తొలగి, నల్లని తెరపై సన్నని తెల్లగీతలు కదలాడినవని మీకు జ్ఞప్తికి వచ్చును. సంగీతము తగ్గినచోట చిత్రము తానును ఉపవాసము చేసినది. ఆ పేదరికము లేనిచో చివరి ఖండమునకు అంత భోగము చేకూరదు. ఈ వాక్యము వ్రాయగలిగిననాడు మీరు చిత్రమును విశ్లేషించితిరి. అంతవరకు మీరు "అర్థ"మను మాట నెత్తలేదని గమనింపుడు.

వ్రాయుటకు నేను పాటించు నియమ మొక్కటి చెప్పెదను. మొదటి చిత్తుప్రతిలో నామవాచకములు వ్రాయకుడు, క్రియలు వ్రాయుడు. "చేప వంటి ఆకారము" అన్నచో ఆలోచన చేపతో ఆగిపోవును. "జారినది, తటపటాయించినది, చీలినది, తిరిగి కూడినది" అన్నచో ఆలోచన చిత్రముతో పాటు నడచును. పోలిక చెప్పవలసివచ్చినచో రెండవ ప్రతిలో చెప్పుడు.

రెండు గోతులు

మొదటి గొయ్యి సంకేతముల వేట. ఎరుపు కనబడినంతనే కోపమనియు, వలయము కనబడినంతనే కాలచక్రమనియు నిఘంటువు తెరచుట. ఎరుపు కోపము కావలెనన్న ఆ చిత్రమే, తన నడకలోనే, దానిని కోపముగా చేసి చూపవలెను. అట్లు చూపనిచో అది ఎరుపు మాత్రమే, అదియును తక్కువ సంగతి గాదు.

రెండవ గొయ్యి నటన. అర్థము కానిదానిని గొప్పదని తలయూచుట, నేను యౌవనమున నిందించుట కంటెను హానికరము; నిందించినవాడు ఒకనాడు తిరిగి చూచును, నటించినవాడు ఇక చూడడు. రూపము లేనంతమాత్రమున ఏ చిత్రమును ఉత్తమము కాదు. పరీక్ష సులభము. నడుమ నుండి పది సెకండ్లు తొలగించినచో ఏమి నష్టమో చెప్పగలరా? చిత్రము తనకొక నియమము నేర్పరచుకొని, మనకు దానిని నేర్పి, పిమ్మట సమయమెరిగి దానిని మీరినదా? నియమమే లేనిచోట మీరుట యుండదు, గజిబిజి యుండును. ఈ రెండు ప్రశ్నలను చిత్రము తట్టుకొనలేనిచో, నిర్భయముగా నచ్చలేదని చెప్పుడు. ఎందుచేత నచ్చలేదో ఇపుడు మీకు తెలియును.

ఏడు దినముల సాధన

మొదటి దినమున తెనాలి కాలువ వంతెనపై పది నిమిషములు నిలిచి, నీటిపై పది క్రియలు వ్రాయుడు. రెండవ దినమున ఎవరైనను మెలికల ముగ్గు వేయుచుండగా మొదటి చుక్క నుండి కడవరకు చూడుడు. మూడవ దినమున కదలు బండి కిటికీలో మూడు దూరములను, మూడు వడులను వేరుచేయుడు. నాలుగవ దినమున సూర్యలంకలోనో, వీలుకానిచో చెరువు గట్టుననో, అలకును అలకును నడుమ నెంతసేపు పట్టుచున్నదో వ్రేళ్ళపై లెక్కింపుడు. బాపట్లకు భావపురి యని నామాంతరము కలదు గదా, భావము లెక్కతో చెడదని అచట తెలియును. అయిదవ దినమున పాతనోటు పుస్తకము మూలలందు 24 పుటలపై ఒక చుక్కను కొలదికొలదిగా జరుపుచు గీచి, బొటనవ్రేలితో పుటలను జారవిడువుడు. చుక్కల నడుమ దూరము తక్కువైనచోట మెల్లగాను, ఎక్కువైనచోట వడిగాను నడచుటను చూచినపుడు, నడక యన్నది బొమ్మలో గాక రెండు బొమ్మల నడుమనున్న ఎడములో గలదని మీ చేతికే తెలిసిపోవును. ఆరవ దినమున ఒక చిత్రమును పైన చెప్పినట్లు మూడు పర్యాయములు చూడుడు. ఏడవ దినమున ఒక్క పేరా వ్రాసి, బిగ్గరగా చదువుకొనుడు.

ఇటీవల తెనాలిలోనే ఒక మిత్రుని యింట ఆ నిలువుగీతల చిత్రమును మరల చూచు భాగ్యము కలిగెను. రెండు నిమిషములు గడచునప్పటికి నా ప్రక్కన కూర్చున్న పెద్దమనిషి నా చెవి దగ్గరకు వంగి, "ఇందులో ఏముందండీ?" అని మెల్లగా నడిగెను. నేను మారు పలుకక, ఆయన మోకాలిపై వ్రేలితో గీతలకు తాళము వేయ మొదలిడితిని. ఆయన కొంచెము బిడియపడెను, కొంచెము నవ్వెను. గీతలు రెండుగా చీలి దాటుకొన్నచోట నేను దెబ్బ తప్పితిని. ఆయన వ్రేలు తప్పలేదు.